ముందు డిఫరెన్షియల్ ఆయిల్ కారుతోందా? సీలు కొనే ముందు చూడాల్సినవి, కొన్నాక చేయాల్సినవి

రాత్రి బండి నిలిపిన చోట పొద్దున ముందు చక్రాల నడుమ నల్లటి మరక కనిపించిందంటే, చాలా షెడ్లలో వినిపించే తీర్పు ఒకటే: "సీలు పోయింది సార్, మార్చేద్దాం." ముందు డిఫరెన్షియల్ అంటే ముందు చక్రాల నడుమ ఉండి, ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే పళ్ల పెట్టె; సీలు అంటే అందులోకి పోయే షాఫ్టుల చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు చుట్టు. సీలు పోయే ఉండొచ్చు. అది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది కొడితే మాత్రం ఆ కొత్తదీ ఎక్కువ కాలం ఆగదు. మూసుకుపోయిన బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి), గాడి పడిన ఫ్లాంజి (ఇంజన్ వైపు నుంచి తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు బిగిసే పళ్లెం), అరిగిన బేరింగు, మోతాదు దాటి పోసిన ఆయిల్: సీళ్లను చంపేవి ఎక్కువగా ఈ నాలుగే. వీటిని చూశాకే పానా పట్టాలి.

మన దక్షిణ తెలంగాణలో ఫోర్‌వీల్ బండ్లకు (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేవి) ఈ తిప్పలు ఎక్కువ. దేవరకొండ, డిండి వైపు చెల్కల ఎర్రదుమ్ము సీలు పెదవి కిందికి చేరి ఇనుమును గీకుతుంది. మిర్యాలగూడ, హాలియా చుట్టూ సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడేటప్పుడు పొలం బాటలన్నీ బురదే. అలంపూర్ వైపు నల్లరేగడి హౌసింగుకు (డిఫరెన్షియల్ ఇనుప పెట్టెకు) పట్టుకుని ఎండిందంటే ఉలి పెట్టి కొట్టాల్సిందే. అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా నల్లమలలోకి పోయేవాళ్ల బండ్లకు వాగులు తప్పవు. వేడి మీదున్న హౌసింగు ఒక్కసారిగా చన్నీళ్లలో దిగితే ఏమవుతుందో కింద చెప్తాను.

ముందుగా మీ బండి ఏ తరహాదో చూసుకోండి. పాత మహీంద్రా జీపులు, మారుతి జిప్సీల్లో ముందు యాక్సిల్ ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే గొట్టం. థార్, స్కార్పియో ఫోర్‌వీల్ లాంటివాటిలో డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, దాని రెండు పక్కల నుంచి రబ్బరు బూట్లున్న షాఫ్టులు చక్రాలకు పోతాయి. పినియన్ సీలు (ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి కలిసే చోటి సీలు) పని రెండింటిలోనూ దాదాపు ఒకటే. పక్క సీళ్ల పని మాత్రం పూర్తిగా వేరు.

కారుతున్నది గేర్ ఆయిలేనా?

ముందు డిఫరెన్షియల్ ఇంజన్ కిందనే ఉంటుంది కాబట్టి పైనుంచి కారే ప్రతిదీ దాని మీదే పడుతుంది. వేలికి అంటించుకుని వాసన చూడండి. గేర్ ఆయిల్‌కు గంధకం వాసన ఘాటుగా ఉంటుంది, ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. ఇంజన్ ఆయిల్‌కు ఆ ఘాటు ఉండదు. పవర్ స్టీరింగ్ ఆయిల్ పలచగా, చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. చక్రం లోపలి వైపు నీళ్లలా పలచటి తడి ఉంటే అది బ్రేక్ ఆయిల్ కావొచ్చు. అలాంటప్పుడు డిఫరెన్షియల్ సంగతి పక్కన పెట్టి, బండి కదపకుండా బ్రేకులు చూపించండి. గేర్ ఆయిలే అయ్యుండి పాలలా తెల్లగా మారిందంటే లోపలికి నీళ్లు పోయాయి. సీలు ఈరోజు మార్చకపోయినా ఆ ఆయిల్ మాత్రం ఈరోజే దించేయాలి, లేకుంటే బేరింగులు తుప్పు పడతాయి.

మొదలు ఎక్కడ?

మరక పడిన చోటుకూ ఆయిల్ బయటికొచ్చే చోటుకూ సంబంధం లేకపోవచ్చు. బండి పోతుంటే గాలి ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది, నిలబడితే అది కిందికి జారుతుంది. అందుకే తడిసిన భాగంలో అన్నిటికంటే ముందు, అన్నిటికంటే పైన ఉన్న చోటు పట్టుకోవాలి.

హౌసింగంతా డీజిల్, కుంచెతో కడిగి గుడ్డతో పొడిగా తుడవండి. ప్రెషర్ వాటర్ కొట్టేవాళ్లను సీళ్ల దగ్గరికి, బ్రీదర్ దగ్గరికి రానివ్వకండి, ఆ ధాటికి మట్టి లోపలికే పోతుంది. పూర్తిగా ఆరాక ఇంట్లోని టాల్కం పౌడర్ పలచగా చల్లి, పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. ఆయిల్ ఎక్కడ ఊరినా పౌడర్ మీద తడి గీత కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫ్రీవీల్ హబ్బులున్న బండిలో (ముందు చక్రాలను షాఫ్టుల నుంచి విడదీసే లాకు ఉన్నది) హబ్బులు అన్‌లాక్ చేసి తిప్పితే ముందు డిఫరెన్షియల్ తిరగనే తిరగదు, లీకూ కనబడదు. హబ్బులు లాక్ చేసి, లీవరును మాత్రం టూవీల్‌లోనే ఉంచి తిప్పండి. అప్పుడు లోపలి పళ్లు తిరుగుతాయి, తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసినప్పుడు పడే బిగుతు ఉండదు.

ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి బిగిసే ఫ్లాంజి చుట్టూ తడి ఉండి, దానికి ఎదురుగా బాడీ అడుగున వలయంలా చిమ్మి ఉంటే పినియన్ సీలు. హౌసింగు మూత అంచు వెంట గీతలా ఉంటే ప్యాకింగ్. జిప్సీలో ముందు చక్రం వెనక గుండ్రటి నకుల్ బాల్ (చక్రం పక్కకు తిరిగే కీలు గుండు) దగ్గర గ్రీజు పలచబడి జారుతుంటే గొట్టం లోపలి సీలు పోయి గేర్ ఆయిల్ గ్రీజులో కలుస్తోందన్నమాట. థార్ తరహా బండిలో షాఫ్టు డిఫరెన్షియల్‌లో దూరే మూల తడిస్తే పక్క సీలు. హౌసింగు నెత్తి మీద తడి ఉండి కింద అంతా పొడిగా ఉంటే ఆయిల్ బ్రీదర్ నుంచే కక్కుతోంది. అప్పుడు ఏ సీలూ కొనక్కర్లేదు.

బ్రీదర్: ఖర్చు లేని మరమ్మతు

యాక్సిల్ గొట్టం మీదో, హౌసింగు పైనో బొటనవేలంత టోపీ ఒకటి ఉంటుంది. కొన్ని బండ్లలో దాని చోట సన్నటి పైపు పైకి పోతుంది. లోపలి గాలి బయటికి పోయే దారి అదొక్కటే. బండి నడుస్తుంటే హౌసింగు వేడెక్కుతుంది. 30 డిగ్రీల దగ్గరున్న గాలి 90 డిగ్రీలకు చేరితే దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. దారి మూసుకుపోతే ఆ పెరుగుదలంతా ఒత్తిడవుతుంది, సీలు పెదవిని నెట్టుకుని ఆయిల్‌ను బయటికి తోస్తుంది. మామూలు ఆయిల్ సీలు చిమ్మే ఆయిల్‌ను ఆపుతుంది, ఒత్తిడిని ఆపడానికి చేసింది కాదు.

వాగులో దిగినప్పుడు ఇదే తిరగబడుతుంది. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బ్రీదర్ మూసి ఉంటే సీలు పెదవి పక్క నుంచి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. వాగులు దాటే బండ్లలో ఆయిల్ తెల్లబడేది చాలాసార్లు ఇలాగే.

టోపీని చేత్తో తిప్పి చూడండి. బురద గట్టిపడి బిగుసుకుని ఉంటుంది, లేదంటే మట్టిగూళ్లు కట్టే కందిరీగలు దాన్ని పూడ్చేసి ఉంటాయి. ఎక్కువ కాలం షెడ్డులో నిలిపిన బండికి ఈ రెండోది మామూలే. విప్పి పెట్రోల్‌లో నానబెట్టి, గాలి కొట్టి, టోపీ తేలిగ్గా పైకి లేచి దిగుతోందో లేదో చూడండి. తరచూ నీళ్లలో దిగే బండైతే టోపీ తీసేసి, అక్కడ నాజిల్ బిగించి, పెట్రోల్ పైపును బానెట్ లోపల ఎత్తుగా ఉన్న చోటుకు తీసుకుపోండి. యాక్సిల్ కిందికీ పైకీ ఆడుతుంది కాబట్టి పైపు బిగుతుగా లాగి కట్టకూడదు. పై కొసను కిందికి వంచి చిన్న ఫిల్టరు తొడిగితే దుమ్ము పోదు.

తర్వాత మళ్లీ కడిగి, పౌడర్ చల్లి, కొన్ని రోజులు మామూలుగా తిప్పండి. లీకు ఆగితే పని అక్కడితో అయిపోయినట్టే.

ఆయిల్ మట్టం, ఫ్లాంజి ఆట

బండిని చదునైన నేల మీద నిలిపి, పోసే బిరడా విప్పండి. ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. విప్పగానే ధార కడితే ఎవరో ఎక్కువ పోశారు. అంచుకు వచ్చేదాకా కారనివ్వండి.

దించే బిరడా కంటే ముందు పోసే బిరడా విప్పే అలవాటు చేసుకోండి. ఆయిలంతా దించేశాక పోసే బిరడా తుప్పుతో కదలకపోతే బండి అక్కడే కూర్చుంటుంది.

ఇప్పుడు ఫ్లాంజిని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ ఊపండి. గుండ్రంగా కొంచెం ఆడటం సహజం, అది పళ్ల మధ్య ఖాళీ. పైకీ కిందికీ గానీ, లోపలికీ బయటికీ గానీ ఆడితే పినియన్ బేరింగు వదులైనట్టు. షాఫ్టు ఊగుతుంటే ఏ సీలూ నిలవదు. క్రౌన్ పినియన్ బిగింపు తెలిసిన మెకానిక్ దగ్గర హౌసింగు విప్పించాల్సిందే. అది ఇంటి దగ్గర చేసుకునే పని కాదు.

బండి కిందికి దూరే ముందు

వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క అడ్డాలు పెట్టండి. జాకీతో లేపి, ఛాసిస్ కింద ఇనుప స్టాండులు పెట్టి బరువు వాటి మీదికి దించండి. ఇటుకలు, రాళ్లు వద్దు. శాబాదు బండలు పేర్చి పని చేసేవాళ్లున్నారు. బరువు పడ్డాక బండ పగలడానికి క్షణం చాలు. స్టాండుల మీదికొచ్చాక బండిని పక్క నుంచి గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి పోవాలి. పని మధ్యలో వస్తువు కోసం టౌనుకు పోవాల్సివస్తే, ఫ్రీవీల్ హబ్బులున్న బండైతే ప్రొపెల్లర్ షాఫ్టు మాత్రం తీసి, హబ్బులు అన్‌లాక్ చేసి, టూవీల్‌లో మెల్లగా పోవచ్చు. ఎప్పుడూ నాలుగు చక్రాలూ తిరిగే రకం బండ్లకు ఇది పనికిరాదు, మాన్యువల్ చూసుకోండి.

పినియన్ సీలు మార్చడం

ఎక్కువ జాగ్రత్త ఇక్కడే కావాలి. పినియన్ నట్టు వట్టి నట్టు కాదు. బేరింగుల మీద ఎంత బిగువు ఉండాలో నిర్ణయించేది అదే. తీసేముందు అది ఎక్కడ ఉందో, షాఫ్టు ఎంత బిగువుగా తిరుగుతోందో రాసుకోకపోతే తిరిగి అదే స్థితికి తేవడం కష్టం.

1. ఆయిల్ దించండి. బిరడాకున్న అయస్కాంతం మీద సన్నటి బూడిదరంగు ముద్ద ఉంటే ఫరవాలేదు. పంటి ముక్కలు, మెరిసే పెచ్చులు ఉంటే సీలు పని ఆపి లోపల చూపించండి.

2. ప్రొపెల్లర్ షాఫ్టుకూ ఫ్లాంజికీ అడ్డంగా పెయింట్ గీత గీసి, బోల్టులు తీసి, షాఫ్టును తీగతో పక్కకు కట్టండి. క్రాసు (షాఫ్టు కొసనున్న కీలు) కప్పులు విడిగా ఉండే రకమైతే టేపు చుట్టండి, లోపలి సూది బేరింగులు రాలిపోతే వెతకలేరు.

3. ముందు చక్రాలు రెండూ గాల్లో ఉండాలి, బ్రేకులు పట్టకూడదు. ఫ్లాంజి చుట్టూ దారం చుట్టి, చేపలు తూచే చిన్న స్ప్రింగ్ త్రాసు కొక్కెంతో మెల్లగా లాగండి. ఫ్లాంజి ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు త్రాసు ఎంత చూపిస్తుందో రాసుకోండి. షాపుల్లో దీనికి చిన్న టార్క్ పానా వాడతారు. మనకు కావలసింది ముందూ తర్వాతా పోల్చుకునే అంకె మాత్రమే కాబట్టి త్రాసు చాలు, కాకపోతే రెండుసార్లూ దారం ఒకే చోట చుట్టాలి.

4. నట్టు, పినియన్ కొస, ఫ్లాంజి మూడింటి మీదా వరుసగా పంచితో గుర్తు కొట్టండి. నట్టు బయట ఎన్ని మరలు కనబడుతున్నాయో లెక్కపెట్టండి. ఫ్లాంజికి పొడవాటి ఇనుప పట్టీ బిగించి అది తిరగకుండా పట్టుకుని నట్టు విప్పండి.

5. ఫ్లాంజిని పుల్లరుతో లాగండి. వెనక నుంచి సుత్తెతో కొడితే ఆ దెబ్బ బేరింగుకు తగులుతుంది.

6. పాత సీలును స్క్రూడ్రైవరుతో లేపేటప్పుడు అది కూర్చునే గూడు గోడను గీకకండి. ఆ గీత వెంటే రేపు ఆయిల్ వస్తుంది. లోపల వాషరు, ఆయిల్ చిమ్మే పళ్లెం ఉంటే ఏది ముందు, ఏది వెనక అన్నది ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

7. ఫ్లాంజి మీద సీలు రాసుకునే చోటు తుడిచి, గోటితో అడ్డంగా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే గాడి పడినట్టు. మన దుమ్ములో తిరిగిన బండ్లలో ఇది తప్పించుకునేవి తక్కువ. గాడి లోతు లేకపోతే సన్నటి ఎమరీతో చుట్టూ రుద్ది, కొత్త సీలును ఒక మిల్లీమీటరు లోపలికో బయటికో కూర్చోబెడితే దాని పెదవి కొత్త చోట ఆనుతుంది. లోతు ఉంటే సన్నటి రిపేరు స్లీవు తొడగాలి, లేదా కొత్త ఫ్లాంజి కొనాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో మంచి లేత్ షాపు వాళ్లు ఫ్లాంజిని తరిగి స్లీవు నొక్కి ఇస్తారు. పని పూర్తయ్యాక వ్యాసం సీలు మీద రాసిన మొదటి అంకెకు సరిపోయిందో లేదో వాళ్ల దగ్గరే కొలిపించండి.

సీలు కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుపోండి. దాని మీది మూడు అంకెల్లో మొదటిది షాఫ్టు వ్యాసం, రెండోది బయటి వ్యాసం, మూడోది మందం, అన్నీ మిల్లీమీటర్లలో. కొన్నిటి మీద బాణం ఉంటుంది, అది షాఫ్టు తిరిగే దిక్కు. ఊళ్లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగులు, సీళ్లు అమ్మే దుకాణాలు వరసగా ఉన్నాయి. దొరికిన సైజుతో సర్దుకుందామనే మాట వినకండి. మొత్తం పనిలో సీలు ఖర్చే తక్కువ.

8. కొత్త సీలు లోపలి చుట్టు స్ప్రింగు గాడిలో గ్రీజు నింపండి, కొట్టేటప్పుడు స్ప్రింగు ఎగిరిపోదు. పెదవికీ గ్రీజు రాయండి, పొడి పెదవి మొదటి కిలోమీటరులోనే కాలిపోతుంది. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. సీలు బయటి అంచు సైజు గొట్టం ముక్క పెట్టి, చుట్టూ సమంగా తడుతూ దించండి. ఒక పక్కే కొడితే వంకర పోతుంది.

9. ఫ్లాంజి లోపలి పళ్ల మీద, వాషరు కింద సిలికాన్ పలచగా రాయండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. సీలు బాగానే ఉన్నా ఆయిల్ ఆ పళ్ల సందుల్లోంచి నట్టు దగ్గరికి పాకుతుంది, చూసేవాళ్లు మళ్లీ సీలే పోయిందనుకుంటారు.

10. నట్టు వీలైతే కొత్తది వేయండి. లోపల షిమ్ములు (సన్నటి రేకు వాషర్లు) ఉన్న రకమైతే మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి. బేరింగుల మధ్య, నట్టు బిగించే కొద్దీ నలిగే గొట్టం ఉన్న రకంలో పాత నట్టే వాడుతుంటే పంచి గుర్తు దాకా తెచ్చి, ఆపై వెంట్రుకవాసి బిగించి, త్రాసుతో లాగి చూడండి. అంకె మొదట రాసుకున్నదానికి సమానంగా గానీ, కొద్దిగా ఎక్కువగా గానీ రావాలి. కొత్త నట్టయితే గుర్తు పనికిరాదు, మరల లెక్క, త్రాసు అంకె చూస్తూ కొద్దికొద్దిగా బిగించండి. ఎక్కువ బిగిసిందని నట్టు వెనక్కి తిప్పితే సరిపోదు. నలిగిన గొట్టం తిరిగి లేవదు, కొత్తది వేయాల్సిందే. ఈ రకానికి గాలి గన్ను ముట్టించకండి, కన్ను మూసి తెరిచేలోపు దాటిపోతుంది.

మూత ప్యాకింగ్

మూత ఉన్న రకానికి ఇది గంట పని. బోల్టులన్నీ వదులు చేసి, కింది నుంచి మూత కొంచెం తెరిస్తే ఆయిల్ కారిపోతుంది. పాత ప్యాకింగ్‌ను మొద్దు బ్లేడుతో గీకి, రెండు అంచులూ పెట్రోల్‌తో తుడవండి. రేకు మూతకు బోల్టు రంధ్రాల దగ్గర గుంటలు పడి ఉంటాయి, చదునైన ఇనుము మీద పెట్టి సుత్తెతో సమం చేయకపోతే ఎంత సిలికాన్ రాసినా అక్కడ కారుతుంది. మూడు మిల్లీమీటర్ల గీతగా సిలికాన్ వేసి, ప్రతి రంధ్రం చుట్టూ లోపలి వైపు నుంచి తిప్పి, ఎదురెదురు బోల్టులు కొద్దికొద్దిగా బిగించండి. ట్యూబు మీద రాసినంత సేపు ఆగాకే ఆయిల్ పోయాలి. జిప్సీలో డిఫరెన్షియల్ గుండు మొత్తంగా బయటికొచ్చే రకం. దాని ప్యాకింగ్ మార్చాలంటే రెండు పక్కల యాక్సిల్ షాఫ్టులూ బయటికి రావాలి. ఎలాగూ అంత విప్పుతున్నారు కాబట్టి గొట్టం లోపలి సీళ్లు, నకుల్ తుడిచే రబ్బర్లు కూడా అప్పుడే మార్చేయండి.

పక్క సీళ్లు

థార్ తరహా బండ్లలో చక్రం తీసి, నకుల్‌ను పక్కకు వదిలి, షాఫ్టు లోపలి జాయింటుకూ హౌసింగుకూ మధ్య చదునైన కడ్డీ పెట్టి ఒక్క కుదుపుతో తన్నాలి. షాఫ్టును పట్టుకుని లాగకండి, లోపలి జాయింటు బూటులోనే విడిపోతుంది. కొసనున్న సర్‌క్లిప్పు (గాడిలో పట్టి షాఫ్టు జారకుండా ఆపే చుట్టు) కొత్తది వేయండి. తిరిగి దూర్చేటప్పుడు షాఫ్టు బరువు పెదవి మీద పడకుండా రెండు చేతులతో తిన్నగా పట్టుకుని నెట్టాలి. సీళ్లు కోసుకుపోయేది ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే. క్లిప్పు పడినప్పుడు టక్కుమని చేతికి తెలుస్తుంది. ఒకసారి వెనక్కి లాగి చూసి, రాకపోతే సరిగ్గా కూర్చున్నట్టు.

పోయడం, మళ్లీ చూడటం

డిఫరెన్షియల్‌లో ఉండే వంపు పళ్లకు (హైపాయిడ్) జీఎల్-5 తరగతి ఆయిల్ కావాలి. ఎక్కువ బండ్లకు 80డబ్ల్యూ-90 రకం సరిపోతుంది, మీ మాన్యువల్ వేరే చెబితే అదే పోయండి. ఒకటి నుంచి రెండు లీటర్ల మధ్య పడుతుంది. రంధ్రం అంచుకు వచ్చాక ఆపి, పది నిమిషాలు ఆగి, మట్టం దిగితే మళ్లీ పోయండి. గొట్టాల్లోకి పారడానికి సమయం పడుతుంది. దించిన ఆయిల్‌ను చెదలకని గుంజలకు పూసే అలవాటు మన పల్లెల్లో ఉంది. బావి, బోరు, కాలువ గట్టు దగ్గర అది వద్దు. క్యానులో పట్టి, వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.

ఇరవై కిలోమీటర్లు తిప్పాక హౌసింగు మీద చెయ్యి ఆనించండి. గోరువెచ్చగా గానీ, కొంచెం వేడిగా గానీ ఉండొచ్చు. పినియన్ వైపు చెయ్యి ఆనలేనంత కాలుతుంటే బేరింగు ఎక్కువ బిగిసింది, వెంటనే ఆపాలి. ఏభై కిలోమీటర్లకు ఇంకోసారి కింద చూడండి. మళ్లీ అదే చోట తడి ఉంటే తడి సీలు బయటి అంచునా, పెదవి దగ్గరా, నట్టు మధ్యనా అన్నది టార్చి వేసి చూసుకోవాలి. బయటి అంచైతే గూటికి గీత పడింది, సీలు చుట్టూ పలచటి సిలికాన్‌తో మళ్లీ కొట్టాలి. నట్టు దగ్గరైతే తొమ్మిదో మెట్టు వదిలేశారు. పెదవి దగ్గరైతే అది మడత పడి ఉంటుంది, లేదా గాడి మీదే ఆనుతోంది. ఫ్లాంజి మళ్లీ తీయాల్సిందే, ఈసారి లేత్ షాపుకు పోయి స్లీవు వేయించండి.